వెనిస్ డోజ్ కానుక నాణెం ‘ఒసెల్లా’: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత వెనిస్ నాణేలు చూసేవాళ్లకు, సేకరించేవాళ్లకు ఒసెల్లా దగ్గర వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. చరిత్ర మాత్రమే కావాలంటే మొదటి సగం చదివితే సరిపోతుంది. చేతిలో నాణెం ఉంటే తూకం, సంవత్సరం, నకిలీల గురించిన ప్రశ్నలకు నేరుగా వెళ్లండి.

ఒసెల్లా అంటే ఏమిటి?

వెనిస్ గణతంత్రానికి అధిపతిని డోజ్ అనేవారు. ఆ డోజ్ ఏటా డిసెంబరులో, నగరపు మహాసభలో కూర్చునే కులీనులందరికీ తలా ఒక వెండి నాణెం కానుకగా ఇచ్చేవాడు. అదే ఒసెల్లా. 1521లో డోజ్ ఆంటోనియో గ్రిమాని హయాంలో మొదలై, 1796లో చివరి డోజ్ లుదొవీకో మానిన్ దాకా సాగింది. ఏడాదికో కొత్త అచ్చు చొప్పున మొత్తం సుమారు 275 రకాలు వచ్చాయి. నాణెం వెడల్పు దాదాపు 33 మిల్లీమీటర్లు, బరువు 9.8 గ్రాములకు అటూ ఇటూ. వెయ్యి పాళ్లలో 948 పాళ్లు స్వచ్ఛమైన వెండి.

నాణేలకు ముందు పక్షులు ఇచ్చేవారట, నిజమేనా?

నిజమే. వెనిస్ చుట్టూ ఉన్న ఉప్పునీటి కయ్యల్లో చలికాలం అడవి బాతులు దిగుతాయి. సంవత్సరాంతపు కానుకగా డోజ్ ఒక్కో కులీనుడికి అయిదేసి బాతులు పంపాలన్నది పాత కట్టుబాటు. ఒసెల్లా అన్న పేరు కూడా వెనిస్ యాసలో పక్షికి వాడే మాట నుంచే వచ్చింది.

కులీన కుటుంబాలు పెరిగేకొద్దీ ఈ కట్టుబాటు మోయలేని బరువైంది. 16వ శతాబ్దం మొదట్లో మహాసభ సభ్యులు 2,500 దాకా ఉన్నారు. తలా అయిదు చొప్పున 12,500 బాతులు! అన్నీ కొన్ని వారాల్లోనే వేటాడాలి, పాడవకముందే ఇళ్లకు చేర్చాలి. అన్ని పక్షులు ఎక్కడ దొరుకుతాయి? దొరికినా ఒకరి ఇంటికి బలిసినవి, ఇంకొకరి ఇంటికి బక్కవి వెళితే అందరూ సమానులే అన్న సభలో అది మర్యాద సమస్య అవుతుంది. అందుకే 1521లో పక్షుల బదులు పావు డ్యుకాట్ (డ్యుకాట్ అంటే వెనిస్ డబ్బు ప్రమాణం) విలువ చేసే వెండి నాణెం ఇవ్వాలని మహాసభ తీర్మానించింది. నాణేలన్నీ ఒకే తూకం, ఒకే వన్నె. ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఎవరికి దక్కేది? మామూలు ప్రజలకు ఇచ్చేవారా?

ఇచ్చేవారు కాదు. మహాసభలో చోటుంటేనే ఒసెల్లా. 1297లో సభ తలుపులు కొత్త కుటుంబాలకు దాదాపుగా మూసేశారు. 1506 నుంచి కులీనుల పిల్లల జననాలను అధికారిక పుస్తకంలో నమోదు చేయడం మొదలుపెట్టారు. దాన్నే బంగారు పుస్తకం అనేవారు. అందులో పేరున్న మగపిల్లవాడికి 25 ఏళ్లు నిండితే సభలో చోటు వచ్చేది. ఏటా డిసెంబరు 4న, సెయింట్ బార్బరా పండుగనాడు తీసే చీటీలో బంగారు గోళీ వచ్చిన కుర్రవాళ్లు కొందరు 20 ఏళ్లకే సభలో అడుగుపెట్టేవారు. అలాంటి కుర్రవాడికి దక్కే మొదటి ఒసెల్లా అతను పాలకవర్గంలో చేరాడనడానికి ఇంట్లో దాచుకునే ఆనవాలు.

గణతంత్రం అంటున్నారు కదా, మరి అధిపతి రాజులా కానుకలు పంచడం ఏమిటి?

ఒసెల్లాలో అసలు విషయం ఇదే. రాజు ఇచ్చే కానుకలో దాత ఇష్టం ఉంటుంది. మెచ్చినవాడికి ఎక్కువ, నచ్చనివాడికి సున్నా. డోజ్ కానుకలో ఆ ఇష్టానికి తావే లేదు. గద్దెనెక్కేటప్పుడు డోజ్ ఒక ప్రమాణపత్రం మీద ఒట్టు పెట్టుకోవాలి. తను చేయకూడనివి అందులో వరుసగా రాసి ఉంటాయి. పరదేశపు ఉత్తరాలను సలహాదారులు పక్కన లేకుండా విప్పకూడదు. అనుమతి లేకుండా నగరం దాటకూడదు. కానుకలు పుచ్చుకోవడం మీదా గట్టి ఆంక్షలున్నాయి. ఒక డోజ్ చనిపోయి ఇంకొకరిని ఎన్నుకునేలోగా ఈ పత్రాన్ని సవరించి బిగించడానికి ప్రత్యేకంగా దిద్దుబాటుదారులు ఉండేవారు. 1501 నుంచి, చనిపోయిన డోజ్ లెక్కలను విచారణాధికారులు తిరగేసేవారు. తప్పు తేలితే వారసులు జరిమానా కట్టాలి.

ఇంతమంది కాపలా మధ్య ఉన్న మనిషి ఏటా 2,500 మందికి ఒకే తూకం నాణెం పంచడాన్ని దానం అనలేం. అది ఆయన తీర్చాల్సిన బాకీ. అందుకే ఒసెల్లాను డోజ్ ప్రాభవానికి గుర్తుగా మాత్రమే చూడటం సరికాదని మా అభిప్రాయం. డోజ్‌కు సభ గీసిన గీతలు ఆ నాణెం మీదే కనిపిస్తాయి. బొమ్మలు చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది.

ముందువైపు బొమ్మలో ఎవరెవరు ఉంటారు?

తొలి రకాల్లో ఇద్దరే ఉంటారు. ఒకరు నిలబడి లేదా కూర్చుని ఉన్న సెయింట్ మార్క్, వెనిస్ ఇలవేల్పు లాంటి పునీతుడు. ఆయన ముందు మోకాళ్ల మీద ఉన్నవాడు డోజ్. ఇద్దరి మధ్య ఒక జెండా కర్ర. పునీతుడు ఇస్తున్నాడు, డోజ్ అందుకుంటున్నాడు. అధికారం తనది కాదని, పునీతుడి తరఫున పట్టుకున్నదని దాని భావం.

నాణెం చేతిలో ఉంటే భూతద్దంతో డోజ్ తల చూడండి. వెనక భాగం కొమ్ములా పైకి లేచిన టోపీ కనిపిస్తుంది. డోజ్ పదవికి గుర్తు కిరీటం కాదు, ఈ కొమ్ము టోపీయే. చాలా నాణేల మీద బాగా ఎత్తుగా ఉండే భాగాలు మోకాలు, టోపీ అంచు, పునీతుడి ముఖం. అందుకే అరుగుదల ముందు అక్కడే మొదలవుతుంది. టోపీ గీతలు స్పష్టంగా ఉంటే ఆ నాణెం ఎక్కువ చేతులు మారలేదని అర్థం.

తరవాతి కాలంలో రెక్కల సింహం కూడా తరచుగా వస్తుంది. అది సెయింట్ మార్క్ గుర్తు. గుండ్రని చట్రంలో రెక్కలు రెండు వైపులా విప్పి ఎదురుగా చూసే సింహాన్ని వెనిస్ వాళ్లు పీత పేరుతో పిలుస్తారు. ఆ ఆకారం పీతలాగే ఉంటుంది.

డోజ్ ముఖం పెద్దగా చెక్కిన నాణేలు ఎందుకు లేవు?

ఒకే ఒక్క డోజ్ ఆ పని చేశాడు, నికొలో త్రోన్. 1472లో వెండి లీరా మీద తన ముఖాన్ని పక్కవాటంగా వేయించుకున్నాడు. 1473లో ఆయన పోయాక, ఇకపై ఏ డోజ్ ముఖమూ నాణెం మీద ఉండకూడదని నిషేధించారు. ముఖం వేయించుకునేవాళ్లు నిరంకుశులన్న భావన వెనిస్‌లో బలంగా ఉండేది. మోకరిల్లిన చిన్న బొమ్మగా కనబడటానికి అభ్యంతరం లేదు, ఎందుకంటే అక్కడ డోజ్ ఒక పదవికి ప్రతీక మాత్రమే.

వింతేమిటంటే, డోజ్ భార్యల విషయంలో కొంత వెసులుబాటు దొరికింది. ఇద్దరు దొగరెస్సల పేరిట ఒసెల్లాలు వచ్చాయి. 1597లో పట్టాభిషేకం జరిగిన మొరొసీనా మొరొసీని ఒకరు, ఆమె మరీనో గ్రిమాని భార్య. 1694లో ఎలిజబెత్తా క్వెరీని రెండో ఆమె, సిల్వెస్త్రో వాలియెర్ భార్య. ఆ నాణేల మీద ముఖచిత్రం ఆ స్త్రీలదే. భర్తకు లేని అవకాశం భార్యకు దొరికిందన్న మాట. అదీ ఊరికే పోలేదు. దొగరెస్సల పట్టాభిషేకాల ఆర్భాటం మీద 17వ శతాబ్దం నడుమ నుంచే ఆంక్షలు పడ్డాయి. క్వెరీని తరవాత ఇంకెవరికీ పట్టాభిషేకం జరగలేదు.

వెనకవైపు రాతను ఎలా చదవాలి?

రాత లాటిన్‌లో ఉంటుంది. మూస ఒకటే: ముందు డోజ్ పేరు ‘ఫలానావారి’ అన్న రూపంలో, తరవాత ‘ప్రిన్సిపిస్ మూనుస్’, ఆపైన ‘అన్నో’, రోమన్ అంకె. కలిపి చదివితే ‘అధిపతి ఫలానావారి కానుక, ఇన్నో ఏడు’.

కొత్తగా చదివేవాళ్లు ఎక్కువగా తడబడేది మూడు చోట్ల. ‘ఉ’ శబ్దానికి కూడా కోణంగా ఉండే ‘వి’ అక్షరమే వాడతారు, కాబట్టి ‘మూనుస్’ మాట ‘ఎం, వి, ఎన్, వి, ఎస్’ అక్షరాలతో కనబడుతుంది. చోటు చాలక ‘అన్నో’ను ‘అన్’ అని, పేరు చివరి అక్షరాలను ఒక చుక్కతో కుదిస్తారు. పేర్లు లాటిన్ రూపంలోకి మారిపోతాయి: అల్వీసే ‘అలోయ్సియుస్’ అవుతాడు. అక్షరాలు ముందు ఒక కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకుని, తరవాత డోజ్‌ల జాబితాతో పోల్చుకుంటే సులువుగా తేలుతుంది.

తొలి ఒసెల్లాల్లో వెనకవైపు చాలాసార్లు ఈ రాతే వరుసలుగా ఉంటుంది. పోనుపోను బొమ్మల వైవిధ్యం పెరిగింది. త్రాసు, కత్తి పట్టిన న్యాయదేవత, రాణిలా కూర్చున్న వెనిస్, ఓడలు, కట్టడాలు, వాటి చుట్టూ సూక్తులు. మొట్టమొదటి ఒసెల్లా మీదే న్యాయం, శాంతి ఇద్దరు స్త్రీలుగా కలుసుకుంటారు. ‘న్యాయము సమాధానము ముద్దుపెట్టుకొనినవి’ అన్న 85వ కీర్తన మాట అది. ఆంటోనియో గ్రిమాని 1499లో జొంకియో దగ్గర తుర్కుల చేతిలో ఓడిన నౌకాదళపతి. దేశబహిష్కారం అనుభవించి, తిరిగొచ్చి, ఎనభై దాటిన వయసులో డోజ్ అయ్యాడు. అలాంటి మనిషి నాణెం మీద న్యాయమూ శాంతీ కలుసుకోవడం చూసినవాళ్లకు ఆ గతం గుర్తు రాకుండా ఉండదు.

ఒక మూల కనిపించే రెండు మూడు చిన్న అక్షరాలు డోజ్‌వి కావు. టంకసాలలో వెండి పని చూసే కులీన అధికారి పొడి అక్షరాలు. తూకంలోగానీ వన్నెలోగానీ తేడా వస్తే ఎవరి హయాంలో జరిగిందో పట్టుకోవడానికి అవి పనికొచ్చేవి. ఇవాళ మనకు సంవత్సరం తేల్చడానికి పనికొస్తున్నాయి.

నాణెం మీద ‘అన్నో 3’ అని ఉంది. ఏ సంవత్సరం?

అది డోజ్ పాలనలో మూడో ఏడు. లెక్క సులువు: ఎన్నికైన సంవత్సరానికి ఆ అంకె కలిపి, ఒకటి తీసేయాలి. మరీనో గ్రిమాని 1595 ఏప్రిల్‌లో ఎన్నికయ్యాడు, కాబట్టి ఆయన మూడో ఏడు 1597. మానిన్ 1789 మార్చిలో ఎన్నికయ్యాడు, ఆయన ఎనిమిదో ఏడు 1796. పంపిణీ డిసెంబరులో కాబట్టి, అంతకుముందు ఎన్నికైనవాళ్లందరికీ ఈ లెక్క పనిచేస్తుంది.

ఒక్క జాగ్రత్త. వెనిస్ వాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 1న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి నెలలు పాత ఏడులోనే లెక్క. సిల్వెస్త్రో వాలియెర్ మన లెక్కన 1694 ఫిబ్రవరిలో ఎన్నికయ్యాడు, పాత వెనిస్ కాగితాల్లో అది 1693 అనే ఉంటుంది. ఆ తేదీ పట్టుకుని లెక్క వేస్తే ఒసెల్లా ఒక ఏడు వెనక్కి జరిగిపోతుంది. పాత వేలంపాటల జాబితాల్లో ఇలాంటి ఒక ఏడాది తేడాలు కనిపిస్తే ముందు ఇదే కారణమేమో చూడండి.

డిసెంబరు నియమం వల్ల ఇంకో సంగతి కూడా ఉంది. 1618లో నికొలో దోనా, 1656లో ఫ్రాంచెస్కో కొర్నెర్ వారాల వ్యవధిలోనే చనిపోయారు. ఇద్దరి పాలనలోనూ డిసెంబరు రాలేదు. ఆ ఏళ్ల కానుక పంచే పని వాళ్ల తరవాత వచ్చినవాళ్ల మీద పడింది.

అల్వీసే మొచెనీగో పేరుతో నాణెం ఉంది. ఏ మొచెనీగో?

ఆ పేరుతో నలుగురు డోజ్‌లు ఉన్నారు. నాణెం మీద ‘ఒకటో’, ‘రెండో’ అని ఉండదు. మొదటివాడు 1570 నుంచి 1577 దాకా, రెండోవాడు 1700 నుంచి 1709 దాకా, మూడోవాడు 1722 నుంచి 1732 దాకా, నాలుగోవాడు 1763 నుంచి 1778 దాకా.

ముందు పాలనా సంవత్సరం చూడండి. 11 లేదా అంతకన్నా పెద్ద అంకె ఉంటే నాలుగోవాడే, ఇంకెవరూ అంత దూరం రాలేదు. 10 అయితే మూడోవాడు కావచ్చు, నాలుగోవాడు కావచ్చు. 8, 9 అయితే మొదటివాణ్ణి తీసేయొచ్చు. ఏడులోపు అంకె అయితే నలుగురూ పోటీలో ఉన్నట్టే. అప్పుడు అక్షరాల తీరు, అంచు, అధికారి పొడి అక్షరాలు చూడాలి. 16వ శతాబ్దపు నాణెం సుత్తి దెబ్బతో కొట్టింది కాబట్టి అంచు ఎగుడుదిగుడుగా, బొమ్మ కాస్త పక్కకు జరిగి ఉండొచ్చు. 18వ శతాబ్దపు బొమ్మలు ఎక్కువ లోతుతో, మనుషులు నిండుగా ఉంటారు. అమ్మేవాళ్లు ‘మొదటి మొచెనీగో’ అనడానికే మొగ్గు చూపుతారు, పాతదంటే ధర ఎక్కువ కదా. ఆధారం అడగండి.

చరిత్రలో పెద్ద సంఘటనలు ఒసెల్లాల మీద కనిపిస్తాయా?

కనిపిస్తాయి. అందరూ వెతికేది 1571 నాటిది. ఆ ఏడు అక్టోబరు 7న లెపాంతో దగ్గర వెనిస్, స్పెయిన్, పోప్ నౌకలు కలిసి ఆటమన్ నౌకాదళాన్ని ఓడించాయి. మొదటి అల్వీసే మొచెనీగో రెండో ఏడు ఒసెల్లా మీద, దేవుడి దయవల్ల తుర్కుల మీద దక్కిన గొప్ప నౌకావిజయం అని రాయించారు. యుద్ధానికీ పంపిణీకీ మధ్య వ్యవధి రెండు మూడు నెలలే. అంత తొందరలో కొత్త అచ్చు చెక్కించారంటే ఈ నాణెం వార్తాపత్రిక పని కూడా చేసిందని అర్థం. ఆ విజయంలో దళపతి సెబాస్తియానో వెనియెర్ 1577లో తనే డోజ్ అయ్యాడు.

విజయాలే తప్ప ఓటములు నాణెం మీదికి రావు. 1573లో సైప్రస్‌ను వదులుకుని వెనిస్ విడిగా సంధి చేసుకుంది. 1669లో క్రీట్ పోయింది. ఒసెల్లాలను చరిత్రకు ఆధారంగా తీసుకునేటప్పుడు, వాటిలో లేనివేమిటో కూడా పక్కన రాసుకోవాలి.

ఒసెల్లాను బజారులో ఖర్చు పెట్టుకోవచ్చా? ఇది నాణెమా, పతకమా?

రెండూ. విలువ మొదట్లోనే పావు డ్యుకాట్‌గా కట్టారు. లెక్కల్లో డ్యుకాట్ అంటే 124 సోల్దీలు (సోల్దో వెనిస్ చిల్లర డబ్బు), అందులో పావు 31 సోల్దీలు. నిర్ణీత తూకం, వన్నె ఉన్నాయి కాబట్టి అది చెల్లుబాటయ్యే డబ్బే. బాగా అరిగిపోయినవి దొరకడం, కొందరు నిజంగా ఖర్చు పెట్టారనడానికి రుజువు. కానీ బజారు అవసరం కోసం కొట్టినవి కావు, ఏడాదికి ఒకసారి కానుక కోసం కొట్టినవి. ఆ లెక్కన పతకం కిందికి వస్తుంది.

డోజ్ ఖర్చు ఊహించుకోవడానికి ఒక లెక్క: 2,500 మందికి పావు డ్యుకాట్ చొప్పున 625 డ్యుకాట్లు, దాదాపు 24.5 కిలోల నాణేలు. ఏటా.

బంగారు ఒసెల్లాలు కూడా ఉన్నాయా?

ఉన్నాయి, చాలా తక్కువ. ఎక్కువగా నాలుగు జెక్కినోల తూకం, అంటే సుమారు 14 గ్రాములు. జెక్కినో వెనిస్ బంగారు నాణెం, బరువు మూడున్నర గ్రాములు. వెండి అచ్చులతోనే బంగారం కొట్టినప్పుడు నాణెం పల్చగా వస్తుంది, వెండి నాణెం మందంలో దాదాపు ముప్పావు వంతే. బంగారం అని చెప్పి వెండి అంత మందంగా ఉన్నది చూపిస్తే, తూకం 18 గ్రాములు దాటాలి. దాటకపోతే లోపల వేరే లోహం ఉందనుకోవాలి.

మురానో ఒసెల్లా అంటే వేరేనా?

వేరే. గాజు పనికి పేరుపడ్డ మురానో దీవికి సొంతంగా ఒసెల్లాలు వేయించుకునే హక్కు ఉండేది. 1581 నుంచి 1796 దాకా అవి వచ్చాయి. డోజ్ కులచిహ్నంతో పాటు దీవి పాలనాధికారి, ఇతర అధికారుల చిహ్నాలు కూడా ఉంటాయి. గుర్తుపట్టడానికి తేలిక దారి కోడిపుంజు. ముక్కున పాము పట్టుకున్న పుంజు మురానో ముద్ర. అది ఉంటే వెనిస్ డోజ్ పంచిన కానుకల వరుసలోది కాదు, జాబితాలో వేరే చోట వెతకాలి.

మా అమ్మమ్మ పుతలీల హారంలో ఒక మనిషి మోకాళ్ల మీద, ఇంకో మనిషి నిలబడి ఉన్న బొమ్మ ఉంది. అది ఒసెల్లానా?

కాదు, అయినా చుట్టమే. వెనిస్ బంగారు డ్యుకాట్, అంటే తరవాతి జెక్కినో, 13వ శతాబ్దం చివరి నుంచి గణతంత్రం పడిపోయేదాకా దాదాపు ఒకే బొమ్మతో నడిచింది. ఒకవైపు సెయింట్ మార్క్ నుంచి జెండా అందుకునే డోజ్, రెండోవైపు నక్షత్రాల మధ్య కోడిగుడ్డు ఆకారపు చట్రంలో క్రీస్తు. బంగారం మంచిది కాబట్టి మసాలా వ్యాపారంతో అది దక్షిణ భారతమంతా వచ్చింది. నాణెం మీది బొమ్మల వల్ల దక్కనులో ‘పుతలీ’ అయింది, హారాల్లో గుచ్చుకున్నారు. చాలక, స్థానిక కంసాలులు అదే నమూనాలో వేల కొద్దీ చేశారు.

మీదాన్ని ఇలా తేల్చుకోండి. అసలు జెక్కినో మూడున్నర గ్రాములు, వెడల్పు 21 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, బంగారం దాదాపు పూర్తి స్వచ్ఛం, చుట్టూ లాటిన్ అక్షరాలు చదవగలిగేలా ఉంటాయి. ఇక్కడ చేసినదైతే అక్షరాల చోట నిలువు గీతలు, చుక్కలు ఉంటాయి, బొమ్మలు కర్రబొమ్మల్లా మారతాయి, తూకం తరచుగా తగ్గుతుంది. హారంలోది తూచేటప్పుడు కొక్కెం, అతుకు బరువు కూడా కలుస్తుందని మరవకండి. స్థానికమైనదని తేలితే కరిగించేయకండి. ఆ పనితనానికి దాని చరిత్ర దానికుంది.

నా దగ్గరున్న ఒసెల్లా అసలుదేనా అని ఇంట్లో ఎలా చూసుకోవాలి?

గ్రాములో నూరో వంతు చూపించే చిన్న త్రాసు, వెడల్పు కొలిచే వెర్నియర్, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, ఒక గ్లాసు నీళ్లు, సన్నని దారం ఉంటే చాలు.

ముందు తూచండి. 9.5 నుంచి 9.9 గ్రాముల మధ్య ఉంటే మామూలే. తొమ్మిది కన్నా తక్కువైతే అంచు కత్తిరించారేమో, రంధ్రం పడిందేమో చూడండి. పదిన్నర దాటితే అనుమానించాల్సిందే, అరిగిన నాణెం బరువు పెరగదు.

తరవాత సాంద్రత. గ్లాసు నీళ్లను త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడలకూ తగలకుండా వేలాడదీయండి. ఇప్పుడు త్రాసు చూపే అంకె నాణెం తోసేసిన నీటి బరువు. 9.8 గ్రాముల ఒసెల్లాకు అది 0.94 దగ్గర రావాలి. పొడి బరువును ఈ అంకెతో భాగిస్తే 10.4 చుట్టుపక్కల రావాలి. 9 కన్నా తక్కువ వస్తే రాగి, ఇత్తడి లాంటిదానికి వెండి పూత. ఇక్కడ ఎక్కువమంది లెక్క తప్పేది గాలి బుడగల దగ్గర. నాణేనికి అంటుకున్న ఒక్క బుడగ కూడా అంకెను పెంచేస్తుంది, సాంద్రత తగ్గినట్టు కనబడుతుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి, మూడుసార్లు కొలిచి సగటు తీయండి. నీటి పరీక్ష అయ్యాక మంచినీళ్లలో ముంచి, రుద్దకుండా, మెత్తని గుడ్డ మీద ఆరనివ్వండి.

సాంద్రత సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, మంచి వెండితో పోత పోసిన నకళ్లు ఉన్నాయి. వాటిని పట్టించేది భూతద్దమే. బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ భాగంలో సూదిమొన లాంటి గుంటలు, అక్షరాల అంచులు మొద్దుబారి మైనంలా కనబడటం, అంచు చుట్టూ సన్నని అతుకు గీత లేదా దాన్ని ఆకురాయితో రాసిన గుర్తులు ఉంటే పోత. కొట్టిన నాణెంలో అక్షరం పక్కన లోహం జారినట్టు సన్నని గీతలు కనబడతాయి, అంచున చిన్న పగుళ్లు కూడా ఉండొచ్చు. ఆ పగుళ్లు చూసి భయపడనక్కరలేదు.

చివరిగా 12 గంటల స్థానం చూడండి. చాలా ఒసెల్లాలను మెడలో వేసుకున్నారు. కొక్కెం తీసేసి నునుపు చేసిన మచ్చ, పూడ్చిన రంధ్రం సాధారణంగా అక్కడే ఉంటాయి. పూడ్చిన చోట అక్షరాన్ని కొత్తగా చెక్కి ఉంటే గీత పదును మిగతా అక్షరాలతో కలవదు. అలాంటిది అసలు నాణెమే, కానీ ధర బాగా తగ్గాలి.

నల్లబడింది. చింతపండుతో తోమవచ్చా?

వద్దు. చింతపండు, విభూతి, పళ్లపొడి, ముగ్గుపిండి, వెండి సామాన్లకు వాడేవి ఏవీ నాణేనికి వాడకండి. పులుపు పైపొరను తినేస్తుంది, పొడులు సన్నని గీతలు పెడతాయి. ఒకసారి పోయిన పైపొర తిరిగి రాదు. జిడ్డు ఉంటే అసిటోన్‌లో ముంచి తీయడం వరకు ఫరవాలేదు, రుద్దకూడదు. అసిటోన్ మండే ద్రవం, పొయ్యికి దూరంగా, గాలి వచ్చే చోట చేయండి.

దాచడానికి మెత్తటి పీవీసీ కవర్లు పనికిరావు. ఏళ్లు గడిచేకొద్దీ వాటి నుంచి వచ్చే ఆమ్లం వల్ల నాణెం మీద పచ్చని జిగురు పడుతుంది. ఆమ్లం లేని కాగితపు కవరు లేదా మైలార్ కవరు వాడండి. కోస్తా ఊళ్లలో ఉంటే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలం ముందు మార్చండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి.

ఎందుకు ఆగిపోయింది?

నెపోలియన్ సేనలు ముంచుకొచ్చాయి. 1797 మే 12న మహాసభ చివరిసారి కూడి, తన్ను తాను రద్దు చేసుకుంది. కానుక ఇచ్చే డోజ్ లేడు, పుచ్చుకునే సభా లేదు. 1796 డిసెంబరు పంపిణీయే ఆఖరు.

విదేశంలో కొని ఇండియాకు తెచ్చుకోవచ్చా? తిరిగి తీసుకెళ్లవచ్చా?

తెచ్చుకునే ముందు ఆలోచించండి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. అలాంటివాటిని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు మాత్రమే ఉంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడి, సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు చూపించడానికి నాణెం జేబులో వేసుకొచ్చేవాళ్లు, వెనక్కి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో ఇరుక్కోగలరు. తెచ్చే ముందే కస్టమ్స్‌ను రాతపూర్వకంగా అడగండి, కొన్న రసీదు, నాణెం రెండు వైపుల ఫొటోలు, తూకం రాసిన కాగితం దగ్గర ఉంచుకోండి. ఇటలీ నుంచి కొంటే అక్కడి ఎగుమతి అనుమతి పత్రం అమ్మకందారు దగ్గర నుంచి తీసుకున్నాకే డబ్బు కట్టండి.

కొనకుండా చూడటమే చాలనుకుంటే, వెనిస్‌లో సెయింట్ మార్క్ చౌకులోని కొర్రెర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియం సేకరణలో ఒసెల్లాలు ఉన్నాయి. ఫొటోలతో పోల్చుకోవడానికి మ్యూజియంల ఆన్‌లైన్ జాబితాలు వేలంపాటల ఫొటోల కన్నా నమ్మదగినవి. డోజ్ పేరు, పాలనా సంవత్సరం కలిపి వెతకండి.